ఎనిమిదో గదిని పిలవని గొంతు

చిరంజీవి పిచ్చుకకు పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ నా గొంతు తప్ప తక్కినవన్నీ క్షేమం. నువ్వు ఆ కొండమీది వాతావరణ కేంద్రంలో గాలికి కొట్టుకుపోకుండా ఉన్నావని తలుస్తాను. అక్కడ నీ ఫోను పలకదు, ఇక్కడ నేను పలకను. కాబట్టి మనిద్దరికీ వారానికి రెండుసార్లు తిరిగే ఆ టపా జీపే దిక్కు.

ఆపరేషను బాగానే జరిగిందట. డాక్టరు తీసేసిన ముక్కని సీసాలో పెట్టి చూపించి, "ఇక గొంతు మీద ఆశ వదులుకోండి, నోరు తెరిచినా గాలే వస్తుంది" అన్నాడు. తెరిచి చూశాను. మాట తప్పని మనిషి, గాలే వచ్చింది.

మన ఇంటి పద్ధతి నీకు తెలియనిది కాదు. పైన ఎనిమిది గదులు, గదికో అద్దెమనిషి. కింద భోజనాల గది, మెట్ల కింద నా కొట్టు. గంట కొట్టడం మీ పెద్దమ్మకి గిట్టేది కాదు. "గంట కొడితే దిగి రావడానికి వాళ్ళేమైనా ఫైరింజను వాళ్ళా? పేరు పెట్టి పిలవండి" అనేది. ఆవిడ పోయినా ఆ అలవాటు పోలేదు. మెట్ల దగ్గర నిలబడి వరసగా పేర్లు పిలిచేదాకా ఒక్కరు కూడా కాలు కింద పెట్టరు.

అందుకే ఆపరేషనుకి ముందు వారం నేనొక ముందుచూపు పని చేశాను. ఎనిమిది మంది పేర్లూ నా గొంతుతోనే కంప్యూటర్లో రికార్డు చేసి పెట్టుకున్నాను. ఐదో గది ఫిడేలు మాస్టారు అప్పటికింకా ఉన్నారు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయన నిద్రలోనే వెళ్ళిపోయారు. పోయేముందు కనీసం ఒక పూట పిలవలేకపోయానే అని నాకిప్పటికీ మనసులో ఉంది.

ఇక నువ్వు వదిలేసి వెళ్ళిన పైథాన్ పుస్తకం తీశాను. ఆ భాషకి నాకూ మొదటి రోజే చెడింది. ప్రింట్ అన్న మాటలో మొదటి అక్షరం పెద్దది వేశానట, "ఈ పేరెవరిదో నాకు తెలీదు" అని ఎర్ర అక్షరాలతో మొహం తిప్పుకుంది. పొద్దుట్నుంచీ ఎదురెదురుగా కూర్చున్నాం, తెలీకపోవడమేమిటి?

ఎలాగో బతిమాలి నిన్న నడిపించాను. తెరమీద పేర్లన్నీ వరసగా వచ్చాయి. స్పీకరు మాత్రం కిక్కురుమనలేదు. అంతా అయ్యాక ఒకే ఒక్క పేరు పిలిచింది. "టీచరమ్మ గారూ... భోజనానికి రండీ..." అని నా గొంతు. నేను నోరు మూసుకుని దాని పక్కనే నిలబడి ఉన్నాను.

ఎనిమిదో గది టీచరమ్మ ఒక్కరే దిగి వచ్చారు. తక్కిన వాళ్ళు ఆకలితో తలుపు సందుల్లోంచి చూస్తున్నారు. నా ప్రోగ్రాము కాగితం మీద ఎత్తిరాసి జతచేస్తున్నాను. రోగమేమిటో చెప్పు.

ఇట్లు,
గాలి గొంతు పెదనాన్న

తా.క.: టీచరమ్మ తినడం ముగించి, ఖాళీ కుర్చీలన్నీ ఒకసారి చూసి, "నన్నొక్కదాన్నే పిలిచారంటే ఏదో ఉంది" అన్నారు. ఏమీ లేదని చెబుదామని నోరు తెరిచాను. బుస్సుమంది. ఆవిడ ఇంకా భయపడ్డారు.

*

పూజ్యులైన పెదనాన్నకు పిచ్చుక నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఏడవాలో నవ్వాలో తెలీక రెండూ చేశాను. ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు కాబట్టి ఏది చేసినా ఒకటే.

మీ రోగం చాలా చిన్నది, పైథాన్ నేర్చుకునే ప్రతివాడికీ తట్టు పోసినట్టు ఒకసారి వచ్చి పోతుంది. కాగితం చూడండి. పేరు తెరమీద చూపించే లైను నాలుగు ఖాళీలు లోపలికి ఉంది. పేరు పిలిచే లైను బయట, అంచుకి ఆనుకుని ఉంది. దానికి లోపలంటే లోపలే, బయటంటే బయటే. లోపలున్న పని ప్రతి మనిషికీ చేస్తుంది. బయటున్న పని అందరూ దాటిపోయాక ఒక్కసారి, చివర చేతిలో ఎవరి పేరు మిగిలితే వాళ్ళకి చేస్తుంది. మీ చేతిలో టీచరమ్మ గారు మిగిలారు, అంతే. ఆ లైనుని కూడా నాలుగు ఖాళీలు లోపలికి జరపండి.

టీచరమ్మ గారికి ఇందులో దెయ్యమూ లేదు, భూతమూ లేదని చెప్పండి. చెప్పలేరు కదా, రాసి చూపించండి. బుస్సుమనకండి, దండం పెడతాను.

మీ పిచ్చుక

తా.క.: టాబ్ మీట, స్పేసు మీట కలగలిపి వాడొద్దు. మన కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి, దానికి ఉండవు.

మరో తా.క.: ఇక్కడ నన్ను భోజనానికి పిలిచే దిక్కు లేదు. గాలివేగం కొలిచే చక్రం కిర్రుమన్నప్పుడల్లా, చిన్నప్పుడు సెలవులకి మీ ఇంట్లో ఉన్నప్పటి అలవాటు కొద్దీ "ఆఁ, వస్తున్నా" అనేస్తున్నాను. అది ఇంతవరకూ ఒక్కపూట కూడా వడ్డించలేదు.

*

చిరంజీవి పిచ్చుకకు పెదనాన్న ఆశీస్సులు.

లైను లోపలికి జరిపాను. జరిపే ఊపులో చిన్న సొగసు కూడా చేశాను. మనుషుల్ని ఒక్కొక్కరిని పట్టుకుని పిలవడం ఎందుకు, గది నంబరు ప్రకారం వెళ్తే హుందాగా ఉంటుందని పుస్తకంలో రేంజ్ అన్న మాట పట్టుకున్నాను. గది నంబరు పక్కన పేరు వేసి 'గదులు' అని ఒక పట్టిక చేసి, ఒకటి నుంచి ఎనిమిది అని రాశాను. పాతదాని మీదే రాసి సేవ్ చేశాను.

సాయంత్రం నడిపాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, గడియారంలా పిలిచింది. నేను మెట్లకి ఆనుకుని నా పెంపకానికి నేనే మురిసిపోతున్నాను. అప్పుడు నా గొంతు, "ఫిడేలు మాస్టారూ... భోజనానికి రండీ..." అంది.

అమ్మలూ, ఆయన పేరు తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. తీసెయ్యకపోతే పిలుస్తుందన్న బుద్ధీ రాలేదు. వంటావిడ చేతిలో గరిటె గాల్లోనే ఉంది. సరిగ్గా అప్పుడు పైన ఐదో గది తలుపు కిర్రుమంది. ఆ గదికి నేను తాళం వేసి వచ్చానమ్మా, నా చేత్తో వేశాను.

ఎవరూ దిగలేదు. వంటావిడ ఏమనుకుందో ఏమో, ఆయన చోట కంచం పెట్టి వడ్డించింది. మేమంతా తలెత్తకుండా తిని లేచాం. అందరూ వెళ్ళిపోయాక అంట్లు తియ్యడానికి వస్తే, మాస్టారి కంచం శుభ్రంగా ఖాళీ. రోజూ ఇదే వరస. ఆయనకి ఇష్టం లేని కూర పెడితే ఆ కూర కూడా ఖాళీ. పోయాక మనిషి మారతాడేమో మరి.

ఇంకోటి చెప్పాలి, ఇదే అసలు దిగులు. ఆరు పిలిచింది, ఏడు పిలిచింది, అక్కడితో ఆగిపోయింది. టీచరమ్మని పిలవలేదు. ఆవిడ సంగతి నీకు తెలీదు. ఉద్యోగమంతా హాజరు తీసుకున్న మనిషి. పేరు పిలిస్తే పలికినవాడే వచ్చినట్టు, తక్కినవాడు ఎదురుగా కూర్చున్నా రానట్టే, అదీ ఆవిడ లెక్క. ఇప్పుడా లెక్క తనకే వేసుకున్నారు. "మొదటి రోజు నన్నొక్కదాన్నే పిలిచారు. ఇప్పుడు నన్ను తప్ప అందరినీ పిలుస్తున్నారు. అంటే మొదటి రోజు పిలుపు ఈ భోజనానికి కాదన్నమాట" అని తలుపు అవతల్నుంచి చెప్పారు. అప్పట్నుంచీ బయటికి రావడం లేదు. తలుపు కొట్టినా పలకరు. లేని మనిషి ఎలా పలుకుతుందని ఆవిడ ఉద్దేశం.

నాకు భయంగా ఉంది పిచ్చుకా. నవ్వులాట కాదు. వెంటనే రాయి.

నీ పెదనాన్న

తా.క.: "అదంతా ప్రోగ్రాములో తప్పు, మీరు బతికే ఉన్నారు" అని చీటీ రాసి తలుపు కిందనుంచి తోశాను. 'ప్రోగ్రాము'లో దీర్ఘం ఎర్ర సిరాతో సరిచేసి తిరిగి తోశారు. బతికున్న సంగతి మీద ఏ టిక్కూ పెట్టలేదు.

*

పూజ్యులైన పెదనాన్నకు పిచ్చుక నమస్కారాలు.

జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు, గబగబా రాస్తున్నాను.

మొదట మాస్టారి సంగతి. పెదనాన్నా, మీ మనసు నాకు తెలుసు కానీ, యంత్రానికి మనసు తెలీదు. పేరు ఉన్నంతకాలం పిలుస్తూనే ఉంటుంది. డెల్ అని రాసి, అంటే తీసెయ్యమని, పక్కన 'గదులు' అన్న మీ పట్టిక పేరు, ఐదు నంబరు వెయ్యండి. ఆయన పేరు ఆ పట్టికలోంచి పోతుంది. తలుపు చప్పుడంటారా, వానాకాలం చెక్క తలుపులు మాట్లాడతాయి. కంచమంటారా, ఆ ఇంట్లో పిల్లి ఉందో లేదో చూడండి.

టీచరమ్మ గారి విషయం అన్నిటికంటే ముఖ్యం. అది రెండో పేజీలో వివరంగా రాశాను. అది చేసేదాకా మిగతావేవీ ముట్టుకోకండి.

మీ పిచ్చుక

తా.క.: మనలో మన మాట, పిల్లి కంచాన్ని అంత శుభ్రంగా తినదు కదూ? నేను ధైర్యం చెప్పడానికి రాశాను, మీరు పట్టించుకోకండి.

*

చిరంజీవి పిచ్చుకకు పెదనాన్న ఆశీస్సులు.

రెండో పేజీ లేదమ్మా. కవరు చింపి, తిరగేసి, దీపానికి పెట్టి చూశాను. టీచరమ్మ గురించి రాశానన్నావు, నీ ఉత్తరంలో కూడా ఆవిడ లేరు. ఆ మాట బయటికి పొక్కకూడదనుకుంటూనే ఆరో గది టైలరుకి చూపించాను. వాడు ఇల్లంతా చెప్పాడు.

సరే, ఉన్న పేజీ ప్రకారం మాస్టారి పేరు తీసేశాను. కళ్ళు మూసుకుని మీట నొక్కాను. సాయంత్రం ఒకటి నుంచి నాలుగు దాకా పిలిచి, ఐదు దగ్గరికి రాగానే తెరంతా ఎర్రబడి, 'కీ ఎర్రర్: 5' అని రాసి చచ్చినట్టు పడుకుంది. కీ అంటే తాళం చెవి కదా అని గోడమీది మేకుల దగ్గరికి వెళ్ళాను. ఎనిమిది మేకులు. ఐదో మేకుకి తాళం చెవి లేదు. ఇంట్లో తాళం చెవి పోయిన సంగతి దానికెలా తెలిసిందే పిచ్చుకా?

పాత ప్రోగ్రామే బాగుండేది, దాన్నే తిరిగి పెడదామంటే దానిమీదే కదా రాశాను. మొదట నీకు ఎత్తిరాసిన కాగితం నీ దగ్గరే ఉంది.

ఇప్పుడు ఆరో గది టైలరుకీ, ఏడో గది కళ్ళజోళ్ళాయనకీ కూడా పిలుపు లేదు. మొదటిరోజు నవ్వుకున్నారు. రెండోరోజు నవ్వలేదు. కళ్ళజోళ్ళాయన అద్దంలో తన మొహం మసగ్గా కనిపిస్తోందన్నాడు. అద్దాలు అమ్ముకునే మనిషి అనాల్సిన మాటేనా అది! ఆకలేస్తే వాళ్ళిద్దరూ వెనక మెట్లమీంచి వంటింట్లోకి వచ్చి తినిపోతున్నారు. "పిలుపు లేకుండా తింటున్నాం, మనం దేంట్లో జమో" అనుకుంటూ తింటున్నారు.

టీచరమ్మ మాత్రం దిగడం లేదు. వంటావిడ పైకి పట్టుకెళ్తే, హాజరు లేనివాళ్ళకి భోజనం పెట్టడం నిబంధనలకి విరుద్ధమని తలుపు తియ్యలేదు. మాస్టారి పేరు తీసేసినప్పట్నుంచీ ఆవిడ మంచినీళ్ళతోనే ఉన్నారు. రికార్డులోంచి ఆవిడ పేరొక్కటీ విడిగా మోగించాను. "విడిగా పిలిస్తే అది హాజరు కాదు, బుజ్జగింపు" అన్నారు. నేను తప్ప అందరూ కలిసి అరిచారు. "క్లాసులో అల్లరి" అన్నారు. ఆ మాట అన్నప్పుడు గొంతు ఎంత పీలగా ఉందో చెప్పలేను.

ఇక నిన్నటిది విను. మిషను పడుకున్నాక కింద అంతా నిశ్శబ్దంగా ఉంది. పైన టీచరమ్మ తలుపు తీసిన చప్పుడైంది. నేను మెట్ల కింద చీకటి మూల నిలబడి ఉన్నాను. ఆవిడ వరండాలో నిలబడి, పిలుపు లేనివాళ్ళకి హాజరు తీసుకోవడం మొదలుపెట్టారు. "ఆరు?" అన్నారు. "ప్రెజెంట్" అన్నాడు టైలరు. "ఏడు?" కళ్ళజోళ్ళాయన పలికాడు. "ఎనిమిది" అని తనే అనుకుని తనే పలికారు. తరవాత ఇంకో పేరు పిలిచారు. సన్నగా పిలిచారు, నాకు సరిగ్గా వినపడలేదు.

ఎవరో "ఆఁ" అన్నారు. మగగొంతు. నిదానంగా, చాలా దగ్గర్నుంచి పలికినట్టుగా ఉంది.

టైలరుని చీటీ రాసి అడిగాను, తాను కాదని తల్లి మీద ఒట్టేశాడు. కళ్ళజోళ్ళాయన ఒట్టు వెయ్యలేదు, కింద కూర్చుండిపోయాడు. ఫిడేలు మాస్టారు కాక ఇంకెవరుంటారు?

నువ్వే చెప్పాలి.

నీ పెదనాన్న

తా.క.: ఇంట్లో పిల్లి లేదు. ఉండేది, మాస్టారి కంచం ఖాళీ అయిన మొదటి రోజే పక్కింటికి మారిపోయింది.

*

పెదనాన్నకు పిచ్చుక నమస్కారాలు, క్షమాపణలు కూడా.

ఆ రెండో పేజీ నా వానకోటు జేబులో దొరికింది. నా బుద్ధి మండిపోను! డ్రైవరు హారనుకి కంగారుపడి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు పెడుతున్నాను, కవరు మూడుసార్లు తడిమి చూశాను, ఉంది. అయినా ఇక్కడ కూడా రాస్తున్నాను, మళ్ళీ ఏ గాలికీ పోకుండా.

రేంజ్‌కి ఒకటి నుంచి ఎనిమిది అని చెబితే ఏడు దాకానే వెళ్తుంది. చివర రాసిన అంకె దానికి గడప. గడపదాకా వస్తుంది, దాటదు. టీచరమ్మ గారు ఆ గడప అవతల ఉండిపోయారు. తప్పు ఆవిడ జాతకంలో లేదు, ఒక్క అంకెలో ఉంది.

ఐదు దగ్గర ఎందుకు పడిపోయిందంటే, పట్టికలో ఐదు లేదు, మీ రేంజ్ మాత్రం ఐదుని అడుగుతోంది. లేనిదాన్ని అడిగితే అది అలాగే అరుస్తుంది. దానికి మీ మేకుల సంగతి, తాళం చెవుల సంగతి ఏమీ తెలీదు.

అసలు గదుల్ని లెక్కపెట్టడం మానెయ్యండి పెదనాన్నా. మీరు మొదట రాసిందే సరైన పద్ధతి. మనుషుల్ని ఒక వరసలో పెట్టి, ఒక్కొక్కరిని పిలవండి. ఖాళీ గది ఉన్నా దానికి తెలీదు, చివరి మనిషీ తప్పిపోరు. మీ పాత కాగితం తిరిగి పంపుతున్నాను, లైను లోపలికి జరిపి ఎర్రగీత గీశాను.

ఆ "ఆఁ" అన్నది టైలరే అయి ఉంటాడు. ఒట్లు వేసేవాళ్ళని నేను నమ్మను.

ముఖ్యంగా ఒకటి. మీరు మెట్ల కింద నిలబడి మీ గొంతుతో అరవడానికి మాత్రం ప్రయత్నించకండి. మీ సంగతి నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. డాక్టరు మాట వినండి.

మీ పిచ్చుక

తా.క.: జీపు డ్రైవరుకి ఉత్తరం ఇస్తూ త్వరగా తీసుకెళ్ళమని, ఒక మనిషి ప్రాణం ఇందులో ఉందని చెప్పాను. అతను కవరు రెండు వేళ్ళతో పట్టుకుని, దూరంగా వెనక సీట్లో పెట్టాడు.

*

చిరంజీవి పిచ్చుకకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం, రెండో పేజీ, పాత కాగితం, మూడూ అందాయి. డాక్టరు మాట వినమన్నావు. నీ ఉత్తరం వచ్చేసరికే వినడం మానేశాను.

నా చివరి ఉత్తరం జీపు ఎక్కించిన మర్నాటి సాయంత్రం వంటావిడ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "ఆవిడ మంచం మీంచి లేవడం లేదండీ, మీ పిలుపు వరసలో పడితే తప్ప లేవనని గోడవైపు తిరిగి పడుకున్నారు" అంది. పొద్దున వచ్చిన డాక్టరు మందు రాశాడు, ఆవిడ ఆ చీటీ కూడా తిప్పి పంపారు. ఇక నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఈ ఇంట్లో ఒక్క మనిషీ ఆకలితో పడుకోలేదు. ఒక ప్రోగ్రాము పొరపాటుకి టీచరమ్మ పోతారా! మిషను వైరు పీకేశాను. మెట్ల కింద, నా పాత చోట నిలబడ్డాను.

నోరు తెరిచాను. బుస్సుమంది. మళ్ళీ తెరిచాను. ఒకటో గది పేరు వచ్చింది. నా గొంతేనే తల్లీ, తుప్పు పట్టినా నాదే. రెండు, మూడు, నాలుగు. పైన తలుపులు తెరుచుకుంటున్నాయి. ఐదు దగ్గర ఆగాను. మాస్టారి పేరు గొంతులోకి వచ్చి, అక్కడే ఉండిపోయింది. ఆ చోట తల వంచి, ఆరుకి వెళ్ళాను. ఏడు. తరవాత కళ్ళు మూసుకుని, "టీచరమ్మ గారూ, భోజనానికి రండీ" అని పిలిచాను.

తరవాత పైనుంచి, "ప్రెజెంట్ సర్" అని వినపడింది.

టైలరు ఒక చెయ్యి, కళ్ళజోళ్ళాయన ఒక చెయ్యి పట్టుకుని దింపారు. మొదట గంజినీళ్ళు తాగారు. వంటావిడ పక్కనే కూర్చుని ఏడుస్తూ తాగించింది, ఆవిడ తాగుతూనే "ఏడిస్తే బయటికి పంపిస్తాను" అన్నారు. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

కొంచెం ఓపిక వచ్చాక భోజనాల బెంచీ ఎక్కి నిలబడ్డారు. దిగమంటే దిగలేదు. "ఇది శిక్ష. నేను దొంగ హాజరు పలికాను" అన్నారు. సంగతేమిటంటే, మాస్టారి కంచం ఖాళీ చేసింది ఆవిడేనే! తనకి పిలుపు లేదు, ఆయనకి ఉంది. ఆయన ఉన్నరోజుల్లో ఒంట్లో బాగాలేనప్పుడు "నా బదులు మీరు పలకండి టీచరమ్మా" అనేవారట, ఈవిడ ససేమిరా అనేవారట. "బతికుండగా ఒక్కసారి కూడా పలకలేదు. పోయాక రోజూ పలికాను" అని బెంచీ మీదే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సాయంత్రాలు ఆయన గదిలో ఫిడేలు దగ్గర కూర్చునేవారట. తాళం చెవి ఆవిడ కొంగున ఉంది. తలుపు కిర్రుమన్నది అందుకు. ఆయన పేరు తీసెయ్యమని నువ్వు రాశావు, నేను తీసేశాను, దాంతో ఆవిడకి ఆ నాలుగు మెతుకులూ పోయాయి. మనిద్దరం కలిసి ఆవిడని మాడ్చామన్నమాట.

అయితే అంతా తేలిపోయిందని నేను నవ్వాను. "మరి ఆ రోజు వరండాలో మాస్టారి పేరు పిలిస్తే 'ఆఁ' అన్నది ఎవరు? టైలరేనా?" అని అడిగాను.

ఆవిడ నావైపు విచిత్రంగా చూశారు. "మాస్టారి పేరు నేనెందుకు పిలుస్తాను? పోయినవాళ్ళకి హాజరు ఉండదు. పిలుపు లేనివాళ్ళకి తీసుకున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది, ఆ తరవాత మీరు. మీ పేరు ఎప్పుడూ ఎవరూ పిలవరు కదా పెద్దాయనా. మిమ్మల్ని పిలిచాను. మీరు పలికారు. నా చెవులతో విన్నాను, మీ గొంతే."

నేను పలకలేదు పిచ్చుకా. మెట్ల కింద చీకట్లో నోరు మూసుకుని నిలబడి ఉన్నాను. మిషను కూడా పడుకునే ఉంది. నా పేరు నేను రికార్డు చెయ్యనేలేదు. నా గొంతు నన్ను వదిలి ఈ ఇంట్లో ఎక్కడెక్కడ తిరుగుతోందో గానీ, ఆవిడ పిలిస్తే పలికింది. రెండు రోజులకి నేను నోరు తెరిస్తే వచ్చింది. డాక్టరు అద్దం పెట్టి చూశాడు. చూసి, అద్దం తుడుచుకుని, మళ్ళీ చూశాడు. ఫీజు తీసుకోలేదు.

ఇప్పుడు నువ్వు చెప్పినట్టే మనుషుల వరస రాశాను. పైథాన్ లెక్క సున్నాతో మొదలవుతుందట కదా. మెట్ల కింది నా కొట్టుకి ఎప్పుడూ నంబరు లేదు. టీచరమ్మ పట్టుబట్టి నన్ను ఆ సున్నా చోట పెట్టించారు, నా పేరు ఆవిడే రికార్డు చేశారు. మీ పెద్దమ్మ పోయాక ఈ ఇంట్లో భోజనానికి నన్ను ఎవరైనా పిలవడం ఇదే మొదలు. అందరికంటే ముందు పిలుస్తుంది. నాకు ఆ పూట అన్నం సయించలేదు, సంతోషానికి.

ఆశీస్సులతో,
సున్నా గది పెదనాన్న

తా.క.: ఐదో గది ఖాళీగా ఉంది. ఆ చోట నీ పేరు నా కొత్త గొంతుతో రికార్డు చేసి పెట్టాను, ఎప్పుడొస్తే అప్పుడు పిలుస్తుందని. నిన్న సాయంత్రం "పిచ్చుకా, భోజనానికి రావే" అని పిలిచింది. పైనుంచి ఎవరో "ఆఁ, వస్తున్నా పెదనాన్నా" అన్నారు. మేమంతా కిందే ఉన్నాం, టీచరమ్మ నా పక్కనే ఉన్నారు. ఈ ఇంట్లో నన్ను పెదనాన్నా అనేవాళ్ళెవరూ లేరు. నువ్వు ఆ కొండమీదే ఉన్నావు కదమ్మా? చూసి రాయి.

*

పూజ్యులైన పెదనాన్నకు పిచ్చుక నమస్కారాలు.

మీ జవాబు ఇంకా రాలేదు. జీపు రేపు గానీ రాదు. టీచరమ్మ గారు ఎలా ఉన్నారో తెలీక ఇక్కడ నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. అందుకే సెలవు చీటీ రాసి పెట్టాను, రేపు ఆ జీపులోనే దిగి వస్తున్నాను. ఈ ఉత్తరం నాతోబాటే వస్తుందేమో, అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మీరు నవ్వకండి. నిన్న సాయంత్రం గాలి బొత్తిగా లేదు. చక్రం కదలడం లేదు, దాని కిర్రు చప్పుడు కూడా లేదు. నేను పొయ్యి దగ్గర నిలబడి, గిన్నెలోంచే తిందామని చెంచా తీసుకున్నాను. మీరు పిలిచారు. "పిచ్చుకా, భోజనానికి రావే" అని, కింద మెట్ల దగ్గర్నుంచి పిలిచినట్టు, కొంచెం బొంగురుగా.

ఈ గదికి మెట్లు లేవు పెదనాన్నా.

ఆ సంగతి తరవాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం గిన్నె పక్కన పెట్టి, "ఆఁ, వస్తున్నా పెదనాన్నా" అన్నాను.

మీ పిచ్చుక

తా.క.: నాకూ ఒక కంచం పెట్టమని వంటావిడకి చెప్పండి. పిల్లి లేదన్నారుగా, మాస్టారి కంచం ఖాళీ చేసింది టీచరమ్మ గారేనని నా అనుమానం. నేను రాకముందే నా కంచం ఖాళీ అయితే ఆవిడని ఏమీ అనకండి.